పెద్ద దొర ఇచ్చిన సీసా

పెళ్ళినాడు పెద్ద దొర తన చేతులతో ఇచ్చిన వైన్ సీసాను గ్వాల్తియేరో తుడిచినన్నిసార్లు తన పిల్లల ముక్కులు కూడా తుడిచి ఉండడు. ఈ మాట అతని భార్య ఎర్సీలియా ఊళ్ళో అందరి దగ్గరా అనేది, అతను పక్కన ఉండగానే అనేది. అతనికి కోపం రాకపోగా, అదేదో మెచ్చుకోలన్నట్టు మీసం సర్దుకునేవాడు.

ఇటలీలో సియెనాకు దక్షిణాన ఉన్న ఆ కొండల్లో గ్వాల్తియేరో పేరున్న తాపీమేస్త్రీ. కుర్రతనంలో ఉండగా జినేప్రో ఎస్టేట్ నేలమాళిగ కప్పు ఒక మూల కుంగిపోతే, పాత రాళ్ళతోనే మళ్ళీ కమాను కట్టి నిలబెట్టాడు. ఆ ఎస్టేట్ దొరలైన వెర్నాల్ది వంశం వాళ్ళు తరతరాలుగా వైన్ పీపాలు దాచుకుంటున్న మాళిగ అది. పెద్ద దొర ఎంత సంబరపడ్డాడంటే, మేస్త్రీ పెళ్ళికి కాలినడకన ఊళ్ళోకి దిగివచ్చి, అరవైనాలుగో సంవత్సరపు బ్రునెల్లో అనే ఎర్ర వైన్ సీసా ఒకటి అతని చేతిలో పెట్టాడు. పెట్టి ఊరుకోక, "తొందరపడకు మేస్త్రీ, ఇది ఇంకా పసిది" అన్నాడు.

ఆ ఒక్క ముక్కా అనకుండా ఉంటే ఎర్సీలియా కాపురం ఇంకాస్త సుఖంగా సాగేది.

పెద్ద కూతురి బాప్తిజం నాడు చుట్టాలందరూ గ్లాసులు పట్టుకుని కూర్చుంటే, గ్వాల్తియేరో సీసాను రెండు చేతులా పట్టుకొచ్చి, మెత్తటి గుడ్డతో తుడిచి, కిటికీ వెలుతురుకు ఎత్తి చూసి, "ఇంకా పసిది" అని తీసుకెళ్ళి మళ్ళీ అరుగు కింది గూట్లో పెట్టేశాడు. రెండో కూతురి బాప్తిజానికీ అంతే. ఇంటికి కొత్త కప్పు వేసినప్పుడూ అంతే. ఇటలీ ప్రపంచకప్పు గెలిచిన రోజున ఊరు ఊరంతా అతని వంటింట్లోకి వచ్చి పడి, "తియ్యవయ్యా మేస్త్రీ, ఇంతకన్నా ఏం జరగాలి!" అని అరిచింది. ఆ రోజు అతని చెయ్యి సీసా మెడ దాకా వెళ్ళింది కూడా. కానీ ఒక్కసారి వెలుతురుకు ఎత్తి చూశాక మనసొప్పలేదు. వచ్చినవాళ్ళు మామూలు వైనే తాగి, మేస్త్రీని నాలుగు తిట్లు తిట్టి, పాటలు పాడుకుంటూ వెళ్ళిపోయారు.

పెళ్ళై నలభై ఏళ్ళు దాటిన తరువాత ఒక వసంతంలో, బారు గోడమీద జినేప్రో ఎస్టేట్ వాళ్ళ కాగితం ఒకటి అంటించారు. తమ పాత సీసాలు ఎవరి దగ్గరున్నా సరే, ఫలానా శనివారం పొద్దున తమ కోట ప్రాంగణానికి తీసుకురావచ్చు. దొరసాని స్వయంగా రుచి చూస్తారు. వైన్ బాగుంటే, ఏళ్ళ తరబడి ఆవిరై తరిగిన మేరకు అదే సంవత్సరపు వైన్ పోసి నింపి, ఎస్టేట్ పేరున్న కొత్త బిరడా బిగించి, సంతకం చేసిన యోగ్యతాపత్రం ఇస్తారు. పాడైపోయి ఉంటే పేరు లేని బిరడా పెట్టి, నమస్కారం పెట్టి పంపేస్తారు.

బారు నడిపే ఫాల్కో ఊరుకునే రకం కాదు.

"నీది తీసుకెళ్ళకు మేస్త్రీ. ఈపాటికి అది వెనిగరై, సలాడ్‌లోకి పనికొచ్చే సరుకై ఉంటుంది. దొరసాని నోరు పాడుచెయ్యడం దేనికి?"

"సలాడా! వచ్చే ఆదివారం ఆ యోగ్యతాపత్రం పటం కట్టించి తెచ్చి నీ కాఫీ మెషీన్ పైన తగిలిస్తా చూడు," అన్నాడు గ్వాల్తియేరో.

ఇంటికొచ్చి ఈ సంగతి చెప్పేసరికి ఎర్సీలియా చిక్కుడు గింజలు ఒలుస్తోంది.  గింజలు గిన్నెలోనూ తొక్కలు చెత్తలోనూ పడాల్సింది, అటివి ఇటూ ఇటివి అటూ పడ్డాయి.

"అంత దూరం కుదుపుల్లో పట్టుకెళ్తే వైన్ కదిలిపోదూ?" అంది నెమ్మదిగా.

"నీ ఒళ్ళో పెట్టుకో. కదలదు."

ఆమె కంగారుకు కారణం ఉంది. ఆ సీసాలో పెద్ద దొర వైన్ చుక్క కూడా లేదు. ఆ సంగతి ఎర్సీలియాకు తెలుసు, గ్వాల్తియేరో అక్క దెల్ఫీనాకు తెలుసు. తెలిసిన మూడో మనిషి గ్వాల్తియేరో తల్లి ఆర్జియా, చాలా ఏళ్ళ కిందటే పోయింది.

ఆర్జియాకు గుండెజబ్బు ముదిరి మంచం పట్టిన ఏడాది సంగతి అది. ఆమె మంచం కిటికీ పక్కన వేశారు, పెరట్లో తను పెంచిన ద్రాక్ష వరుస కనపడేలా. ఏటా ఆ ఒక్క వరుస పళ్ళతోనే ఇంటి మట్టుకు వైన్ చేసేది. పుల్లగా ఉండేది. తాగినవాళ్ళు ఒక కన్ను మూసేవాళ్ళు. గ్వాల్తియేరో అప్పట్లో గ్రోస్సెతో వైపు ఏదో చర్చి కప్పు పని ఒప్పుకుని, వారానికోసారి ఇంటికొచ్చేవాడు. అలా వచ్చిన ఒక ఆదివారం ఆర్జియా కొడుకుని అడిగింది: "ఒరేయ్, ఆ దొర సీసా రుచి ఎట్టా ఉంటుందో ఒక్క గుక్క చూపించరా."

"నీకు నయం కానీ అమ్మా. లేచి తిరుగుదువు గానీ, అప్పుడు తీద్దాం. ఇంకా పసిది అది," అన్నాడు కొడుకు, మొహం అటు తిప్పుకుని. సోమవారం తెల్లారేసరికి పనికి వెళ్ళిపోయాడు.

మంగళవారం మధ్యాహ్నం ఆర్జియా కోడల్ని పిలిచింది. "వాడు పసిది పసిది అంటున్నాడు. దానికి వయసొచ్చేదాకా నేనుంటానంటావా?"

ఎర్సీలియా చేతులు తుడుచుకుని లేచింది. గూట్లోంచి సీసా తీసుకొచ్చి, మూతి మీది లక్క రాలగొట్టి, బిరడా తీసే మర లోపలికి దింపింది. సరిగ్గా అప్పుడే దెల్ఫీనా గొర్రెపాల చీజ్ ముక్క పట్టుకుని తల్లిని చూడ్డానికొచ్చింది. గుమ్మంలోనే ఆగిపోయి, "ఎర్సీ, వాడు నిన్ను చంపేస్తాడే," అని, మరుక్షణంలో అలమరలోంచి ఇంకో గ్లాసు తీసుకుంది.

ఒక్క గుక్క అనుకున్నది సీసా అడుగు కనపడేదాకా సాగింది. ఆర్జియా డాక్టరు వద్దన్న పచ్చి చిక్కుళ్ళు కూడా తింది, ఉప్పు అద్దుకుని మరీ. తీర్పూ ఆమే చెప్పింది, తాగడం అయ్యాక ఏం చెయ్యాలో కూడా ఆమే చెప్పింది: "ఆ ఖాళీ సీసాలో నా వైన్ పొయ్యండే. వాడు ఎట్టాగూ దాన్ని తియ్యడు. నా వైనుకీ కొన్నాళ్ళు దొర సీసాలో కూర్చునే యోగం పట్టనీ."

దెల్ఫీనా తపాలా ఆఫీసులో పని చేసేది. పార్సిళ్ళకు వేసే ఎర్ర లక్క తెచ్చింది. తీసిన బిరడానే మళ్ళీ కుక్కి, పైన లక్క కరిగించి పోశారు. వారం తరువాత గ్వాల్తియేరో సీసా తుడుస్తూ, "లక్క రంగు కొంచెం తేలినట్టుందే?" అన్నాడు. "వయసు మీద పడితే అందరి రంగూ తేలుతుంది," అంది ఎర్సీలియా. అతను నమ్మాడు. చిక్కుళ్ళ కాలం వెళ్ళిపోకముందే ఆర్జియా వెళ్ళిపోయింది. ఆమె ద్రాక్ష వరుసను ఆ తరువాత గ్వాల్తియేరోనే పీకించి, తన మూడు చక్రాల బండికి షెడ్డు కట్టుకున్నాడు.

శనివారం ముందు రోజు ఎర్సీలియా వదినకు ఫోన్ చేసింది.

"వదినా, రేపు నన్ను దొరసాని ముందు నిలబెడుతున్నాడు మీ తమ్ముడు."

"నిలబడు. నోరు మాత్రం మూసుకుని నిలబడు," అంది దెల్ఫీనా. "ఆ పాత వైన్‌లన్నీ తడిసిన చెప్పులాగే ఉంటాయి. ఎవరికి తెలుస్తుంది?"

"దొరసానికి తెలీదూ? పుట్టినప్పట్నుంచీ అదేగా తాగుతోంది!"

"అయితే దారిలో పడెయ్. కుదుపొచ్చింది, జారిందను. నీకు చెయ్యి వణుకుతుందని ఊరంతా తెలుసుగా."

"నాకు చెయ్యి వణకదు."

"రేపటికి వణుకుతుందిలే."

మర్నాడు గ్వాల్తియేరో పెళ్ళిళ్ళకూ చావులకూ వేసుకునే నల్ల కోటు వేసుకుని బండి ఎక్కాడు. సీసాను మనవరాలి ఉయ్యాల దుప్పటిలో చుట్టి భార్య ఒళ్ళో పెట్టాడు. కోటకెళ్ళే దారి అంతా గుంతలు. ప్రతి గుంత దగ్గరా అతను, "పట్టుకున్నావా?" అంటాడు. ఆమె, "పట్టుకున్నా," అంటుంది. వంతెన దాటాక వచ్చే పెద్ద గుంతలో ఇద్దరి తలలూ బండి కప్పుకు కొట్టుకున్నాయి. అంతకన్నా మంచి అవకాశం దొరకదు. కానీ అప్పుడే ఆమెకు తట్టింది: ఇది పగిలితే అత్త చేతి వైన్ ఇక భూమ్మీద చుక్క లేదు. పెరట్లో ఉన్నది షెడ్డు. రెండు చేతులతోనూ దుప్పటిని గుండెకు అదుముకుంది.

"అబ్బో, పసిపిల్లనైనా ఇంత జాగ్రత్తగా పట్టుకోలేదు నువ్వు," అన్నాడు గ్వాల్తియేరో మురిసిపోతూ.

"నోరు మూసుకుని దారి చూడవయ్యా," అంది ఎర్సీలియా.

కోట ప్రాంగణంలో పొడవాటి బల్ల మీద తెల్లటి గుడ్డ పరిచి ఉంది. స్విట్జర్లాండ్ నుంచి, మిలానో నుంచి, ఇంకెక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్ళు పెట్టెల్లో సీసాలు పేర్చుకుని, పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళలా బిగుసుకుని కూర్చున్నారు. దుప్పటిలో సీసా తెచ్చింది వీళ్ళొక్కళ్ళే. బల్ల చివర చేతుల కుర్చీలో దొరసాని ఒత్తావియా, పెద్ద దొర కూతురు. ఎనభై దాటిన మనిషి. పాత ఊలు స్వెటరు, తోటపని బూట్లు. పక్కన నిలబడి బిరడాలు తీస్తున్నది మాళిగ పెద్ద తద్దేయో.

"ఓహో, మా కప్పు మేస్త్రీ!" అంది దొరసాని. "నువ్వు కట్టిన మూల ఇంకా నిలబడే ఉంది. మిగతా మూడు మూలలూ ఎప్పుడు పడదామా అని చూస్తున్నాయి. ఏం తెచ్చావు?"

"అరవైనాలుగు, దొరసానిగారూ. మీ నాన్నగారు స్వయంగా ఇచ్చింది." ఈ మాట వెనక వరుసవాళ్ళకు కూడా వినపడేలా అన్నాడు.

దుప్పటి విప్పగానే తద్దేయో లక్కను గోటితో గీకి చూశాడు. నొసలు ముడివేశాడు. లక్క రాలగొట్టి, బిరడా మీది దుమ్ము తుడిచి, వంగి చూసి, దొరసాని చెవి దగ్గరకు వంగాడు. నెమ్మదిగా అనబోయాడు గానీ దొరసానికి కాస్త చెముడు, అందుకని అందరికీ వినపడింది: "ఇందులో ఇదివరకే మర దిగిందండీ!"

ఎర్సీలియా తన బూట్ల వైపు చూసుకుంది.

బిరడా వచ్చింది. గ్లాసులోకి రెండు వేళ్ళ మందాన పోశారు. దొరసాని వాసన చూసింది, పుక్కిలించింది, మింగింది. ఒక కన్ను మూసుకుంది. తరువాత మళ్ళీ కొంచెం తాగింది.

"మేస్త్రీ, ఇది మా వైన్ కాదు."

"కాకపోవడమేమిటండీ?"

"మాది కాదు, అంతే. ఎవరో ఇంట్లో చేసుకున్నది. చెడిపోలేదు, ప్రాణంతోనే ఉంది. కానీ మాది కాదు."

గ్వాల్తియేరో మొహం మొదట తెల్లబడింది, తరువాత ఎర్రబడింది. ఏళ్ళ తరబడి తుడిచిన తుడుపులన్నీ ఒక్కసారిగా అతని గొంతులోకి వచ్చాయి. "అంటే ఏంటండీ దాని అర్థం? పెద్ద దొర నా పెళ్ళికి దొంగ సరుకు ఇచ్చాడనా? రాయి మీద రాయి పేర్చి మీ కొంప నిలబెట్టింది నేను! నాకా, మీ పాలేర్లు తాగే వైన్ పోసి, పైన బొమ్మ అంటించి ఇచ్చింది!"

 ముందు వరుసలోని స్విట్జర్లాండ్ పెద్దమనిషి, ఎవరో అనువదించి చెప్పగా విని, తన పెట్టెలోని సీసాల వంక కొత్తగా అనుమానంగా చూశాడు. తద్దేయో చెంపలు పాలిపోయాయి. దొరసాని మాత్రం గొంతు పెంచలేదు. "మా నాన్న చెయ్యకూడని పనులు చాలానే చేశాడు మేస్త్రీ," అంది. "ఈ పని మాత్రం చెయ్యలేదు." ఆ మాట అని, గ్లాసు బల్ల మీద పెట్టి, స్వెటరు అంచును రెండు చేతులతోనూ కిందికి లాక్కుంది.

ఎర్సీలియా అది చూసింది. నోరు మూసుకుని నిలబడమన్న వదిన మాట ఆ క్షణాన గాలికి పోయింది.

"చాల్లే, ఆపవయ్యా," అంది మొగుడి కోటు లాగుతూ. "ఆ చచ్చిపోయినాయన్ని ఎందుకు తిడతావు? తాగింది నేను."

"ఏం తాగావు?"

"నీ సీసా."

"ఏ సీసా?"

"మనింట్లో ఎన్ని సీసాలున్నాయి, నువ్వు ముద్దు చేసేవి?"

గ్వాల్తియేరో సీసా వంకా భార్య వంకా మార్చి మార్చి చూశాడు. "ఒక్కదానివే?"

"లేదు. మీ అక్క కూడా." ఎర్సీలియా ఊపిరి పీల్చుకుంది. "మీ అమ్మ కూడా. అసలు అడిగింది ఆమేగా. నిన్నూ అడిగింది. నువ్వు నయం కానీ అన్నావు."

దొరసాని పక్కనున్న ఖాళీ కుర్చీని బూటుతో ముందుకు నెట్టింది. "కూర్చోమ్మా. ఇది నిలబడి చెప్పే కథలా లేదు."

ఎర్సీలియా కూర్చుని చెప్పింది. మంగళవారం, కిటికీ పక్క మంచం, చీజ్ ముక్క, చిక్కుళ్ళు, తపాలా లక్క, ఏదీ వదల్లేదు. మొదట భయంతో మొదలుపెట్టిన మనిషి, సగంలోకి వచ్చేసరికి చేతులు ఊపుతూ చెబుతోంది. "మొదటి గుక్క తాగి కళ్ళు మూసుకుని వెనక్కి వాలిందండీ మా అత్త. నేనేమో ఆయాసం వచ్చిందేమోనని హడలిపోయా. చివరికి నా వంక తిరిగి, 'ఏమే, ఇంత మంచిది రోజూ తాగుతూ కూడా దొరలు ఎందుకే అంత ఏడుపు మొహాలేసుకుని తిరుగుతారు?' అంది."

దొరసానికి నవ్వు ఆగలేదు. స్వెటరు చేతిలోంచి రుమాలు లాగి కళ్ళు తుడుచుకుంది. "మా నాన్నని చూసే అనుంటుంది! పాపం, ఆయనకి కడుపులో పుండమ్మా. డాక్టర్లు చుక్క ముట్టొద్దన్నారు. మాళిగ నిండా వైన్ పెట్టుకుని రోజూ పాలు తాగేవాడు. ఏడుపు మొహం ఉండక ఏముంటుంది!"

జనమంతా నవ్వారు. స్విట్జర్లాండ్ పెద్దమనిషి అనువాదం అందాక, ఆలస్యంగా, అందరికన్నా గట్టిగా నవ్వాడు. గ్వాల్తియేరో ఒక్కడే నవ్వలేదు. టోపీ తీసుకుని, గేటు దాటి వెళ్ళి, బండిలో వాళ్ళకు వీపు పెట్టి కూర్చున్నాడు.

ఎర్సీలియా లేవబోతే దొరసాని ఆమె మోచెయ్యి పట్టుకుంది. "ఉండనీ. వెనకాలే వెళ్తే ఇంకా బిగుసుకుంటారు. మా ఆయన ట్రాక్టరు మీద కూర్చునేవాడు. ఒకసారి ఆకలేసేదాకా దిగలేదు."

తద్దేయో మిగతా సీసాల పనిలో పడ్డాడు. ఎవరిదో నిజమైన అరవైనాలుగు బాగుందని తేలడంతో, నింపడానికి ఎస్టేట్ వాళ్ళ సొంత సీసా ఒకటి తెరిచాడు. ఆ వాసన ప్రాంగణమంతా పరుచుకుంది, ఎండు చెర్రీపళ్ళు, పాత తోలు, వాన పడ్డ మట్టి కలిసినట్టు. ఎర్సీలియా ముక్కు గుర్తుపట్టింది. ఆ మంగళవారం తరువాత మళ్ళీ ఇదే.

చాలాసేపటికి గేటు దగ్గర అడుగుల చప్పుడైంది. గ్వాల్తియేరో వచ్చి బల్ల ముందు నిలబడ్డాడు. ఎవరి మొహమూ చూడకుండా టోపీ అంచు తిప్పుతూ అడిగాడు:

"రెండో గ్లాసు అడిగిందా?"

"అడిగింది. మూడోది తనే పోసుకుంది."

"డాక్టరు వద్దన్నాడు కదే!"

"డాక్టరు చాలా వాటిని వద్దన్నాడు."

"పాట పాడిందా?"

"పాడింది. ఆ బూతు పాట."

"పొలం గట్టు మీది పిల్లదా?"

"అదే. అన్ని చరణాలూ."

గ్వాల్తియేరో కుర్చీ లాక్కుని కూలబడ్డాడు. కోటు గుండీ ఒకటి ఊడి బల్ల కిందికి దొర్లింది, పట్టించుకోలేదు. "తెరిస్తే పోతుందనుకున్నా," అన్నాడు దొరసానికి కాదు, బల్ల మీది గుడ్డకు చెబుతున్నట్టు. "చివరి కోరిక తీర్చినట్టవుతుంది, అమ్మ అదే చాలనుకుని పోతుందని భయం వేసింది. తియ్యకుండా ఉంటే, దానికోసమైనా ఉంటుందేమోనని. వైన్ పసిదని కాదు."

ఎర్సీలియాకు ఈ సంగతి తెలీదు. ఇన్నేళ్ళూ తన మొగుడు తల్లి దగ్గర కూడా పిసినారితనం చూపించాడనే అనుకుంది. ఆ మాట పైకి అనకపోయినా చాలాసార్లు లోపల్లోపల అనుకుంది. వంగి ఆ గుండీ వెతికి తీసి, అతని కోటు జేబులో వేసింది.

దొరసాని ఒక గ్లాసులో ఆర్జియా వైన్ పోసి అతని ముందుకు జరిపింది. గ్వాల్తియేరో తాగాడు. ఒక కన్ను మూసుకున్నాడు.

"అమ్మదే," అన్నాడు. పెదాలు తుడుచుకుని, "ఇంత పులుపు ఇంకెవరూ చెయ్యలేరు," అన్నాడు.

"ఇన్నేళ్ళు నిలబడిందంటే సామాన్యం కాదు మేస్త్రీ," అంది దొరసాని. "నీ గూడు చల్లనిది, లక్క గట్టిది. తపాలావాళ్ళ లక్క మనం కూడా వాడాలేమో తద్దేయో, ఓసారి కనుక్కో." తరువాత తెరిచి ఉంచిన అరవైనాలుగులోంచి ఇంకో గ్లాసు నింపింది. "ఇదీ చూడు. మా నాన్న నీకు ఇచ్చింది ఇది. మా మీద దొంగతనం మోపావు కదా, రుచి చూడాల్సిందే."

గ్వాల్తియేరో ఆ గ్లాసును అలవాటుకొద్దీ ఎండకు ఎత్తి చూడబోయి, అందరూ తననే చూస్తుండటం గమనించి, చటుక్కున దించి తాగాడు. అతని కనుబొమలు మెల్లగా పైకి లేచాయి. మళ్ళీ కిందికి దిగలేదు. ఎర్సీలియా చెయ్యి చాపింది.

"ఏది, నాకూ ఒక గుక్క ఇవ్వు."

అతను గ్లాసును అవతలి చేతికి మార్చుకున్నాడు. "నీ వాటా నువ్వు ఎప్పుడో తాగేశావు."

"పాపం, కొంచెం ఇవ్వయ్యా!" అన్నారు వెనకనుంచి ఎవరో.

"ఇవ్వను," అన్నాడు గ్వాల్తియేరో. చివరి చుక్క దాకా తనే తాగాడు.

తద్దేయో పేరు లేని బిరడా ఒకటి తెచ్చి, ఆర్జియా సీసా మూతికి పెట్టబోయాడు. గ్వాల్తియేరో అడ్డంగా చెయ్యి పెట్టాడు. "వద్దయ్యా. దీనికి ఇక మూత వద్దు." టోపీ చేతిలో పట్టుకుని దొరసానికి క్షమాపణ చెప్పాడు. గొణుగుడే గానీ, ఆమె చెముడుకు కూడా అందింది. ఆమె అతని భుజం తట్టి, మిగతా మూడు మూలలూ చూడ్డానికి ఎప్పుడొస్తావని అడిగింది.

తిరుగుదారిలో సీసా మళ్ళీ ఎర్సీలియా ఒళ్ళోకే వచ్చింది. ఈసారి మూతికి బొటనవేలు అడ్డం పెట్టుకుంది. వంతెన దగ్గరి గుంతలో వైన్ చిమ్మి ఆమె ఆకుపచ్చ గౌను మీద మందార పువ్వంత మరక పడింది. గ్వాల్తియేరో ఇంటి వైపు తిప్పకుండా, పల్లంలో ఉన్న అక్క ఇంటి వైపు బండి తిప్పాడు.

దెల్ఫీనా వంటింట్లో చేత్తో పేనిన పిచీలు, లావుపాటి సేమ్యాల్లాంటివి, ఉడుకుతున్నాయి. తమ్ముడి నల్ల కోటు, మరదలి గౌను మీది మరక, మూత లేని సీసా చూసి, ఆమెకు ఎవరూ ఏమీ చెప్పాల్సిన పని లేకపోయింది.

"చెప్పేసిందా?"

"తపాలా ఆఫీసు లక్క దొంగతనం చేస్తావుటే అక్కా!" అన్నాడు గ్వాల్తియేరో గుమ్మంలోంచే.

"ఒరేయ్, గొంతు తగ్గించు. చేశాను. నా ఉద్యోగం మొత్తంలో ఆ సీసాకి పోసిందొక్కటే పనికొచ్చిన లక్క. కూర్చో, తిందువు గానీ. చల్లారితే అతుక్కుపోతాయి."

అతను కూర్చోనని నిలబడి, వెల్లుల్లి వాసన తగిలాక కూర్చున్నాడు. దెల్ఫీనా మూడు గ్లాసులు తెచ్చింది. తల్లి వైన్ తాగి ఆమె కూడా ఒక కన్ను మూసుకుంది, తరువాత ఆ కంటిని గరిట పట్టుకున్న చేతి వెనకతో తుడుచుకుంది. "ఉల్లిపాయలు," అంది. వంటలో ఉల్లిపాయలు లేవు.

"అమ్మ ఏమందో చెప్పక్కా," అన్నాడు గ్వాల్తియేరో. "ఇది చెప్పింది. నువ్వూ చెప్పు."

"ఏముంది, రెండో గ్లాసు అయ్యాక, 'దొరలు ఇది తాగుతూ కూడా ఎందుకే ఏడుపు మొహాలతో ఉంటారు' అంది."

"రెండో గ్లాసు కాదు వదినా, మొదటి గుక్క అయ్యాక."

"మొదటి గుక్కప్పుడు నేను రానేలేదుగా ఇంకా!"

"గుమ్మంలో ఉన్నావు. చీజ్ పట్టుకుని."

"చీజ్ కాదు, సాసేజి. నేనే తెచ్చాను, నాకు తెలీదూ?"

"చీజే వదినా! చిక్కుళ్ళతో తింది గదా అత్త. సాసేజితో చిక్కుళ్ళు ఎవరైనా తింటారా?"

"మా అమ్మ తింటుంది. తలకి ఆ నల్ల గుడ్డ కట్టుకుని, మంచం మీద మఠం వేసుక్కూర్చుని..."

"నల్లది కాదు, నీలం గుడ్డ!"

గ్వాల్తియేరో నోట్లోని పిచీలు మింగి, గరిట అడిగి ఇంకాస్త వడ్డించుకున్నాడు. "నల్లదీ కాదు, నీలందీ కాదు," అన్నాడు. "చుక్కలది. ఆ వసంతమంతా చుక్కలదే కట్టుకుంది."

ఆడవాళ్ళిద్దరూ అతని మీదికి తిరిగారు. "నువ్వు అసలు లేవు కదా ఆ రోజు!"

"లేకపోతేనేం," అన్నాడు గ్వాల్తియేరో, గ్లాసు ముందుకు జరుపుతూ. "సాసేజి సంగతి కూడా అక్క చెప్పిందే నిజం. పొయ్యండే, ఇంకాస్త."